దీపపు పురుగు చెప్పే పాఠం

బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు ఒక లైకెన్. శిలీంధ్రం, నాచు కలిసి బ్రతికే జీవం. ముంచింగిపుట్టు కొండల్లోనూ లైకెన్లు చెట్ల బెరడుపై, బండలపై పెరుగుతాయి. కొన్ని చిన్న దీపపు పురుగులకు గొంగళి దశలో అవే ఆహారం. వాటిలో సయానా అనే రకం తన ఒంటి వెంట్రుకలతోనే పంజరంలాంటి గూడు అల్లుకుంటుంది. దానికి ఉపాధి చూపినవాడు, ఆ అల్లిక నేర్పినవాడు అల్లాహ్!

రెక్కలొచ్చాక మాత్రం అది దీపం కనబడితే వెళ్ళి పడుతుంది. మనుషులు అగ్నిలో పడబోతుంటే తాను నడుము పట్టి వెనక్కి లాగుతున్నానని దైవప్రవక్త (స) ఈ పురుగుల ఉపమానంతోనే హెచ్చరించారు. ప్రళయదినాన మనుషులు చెదిరిన దీపపు పురుగుల్లా ఉంటారని ఖుర్ఆన్ 101వ సూరా తెలుపుతోంది.

పురుగుకు విచక్షణ లేదు, మనకుంది. వడ్డీ సొమ్ము, హరామ్ సంపాదన మెరుపు చూసి పరుగెత్తకండి. బండపై పురుగుకు ఆహారమిచ్చినవాడు మన పిల్లల్ని మరచిపోతాడా?