ఇష్టములేని కూర

ధ్యాన భాగములు: దానియేలు 1:8–16, రోమా 14:1–6, యాకోబు 3:9–10



భోజనమునకు కూర్చుండినప్పుడు మనము కన్నులు మూసికొని, దేవుడు దయచేసిన ఆహారమును బట్టి ఆయనకు స్తోత్రము చెల్లించుచున్నాము. ఆమేన్ అని కన్నులు తెరచుసరికి కంచములో తోటకూర కనబడును. వెంటనే "మళ్లీ ఈ ఆకేనా?" అందుము. ఆ ప్రార్థనకును ఈ మాటకును నడుమ ఒక్క నిమిషమైనను గడచియుండదు.

ఇతరులను తప్పుపట్టుటకు ఈ సంగతి వ్రాయుటలేదు. నేనే చాల యేండ్లు ఆలాగు చేసినవాడను. చిన్నతనము నుండి నాకు ఆకుకూరలు గిట్టవు. కాకరకాయ అసలే గిట్టదు. ఒకనాటి రాత్రి నేను కంచమును ప్రక్కకు నెట్టితిని. నా ప్రక్కను కూర్చున్న ఆరేండ్ల కుమారుడు తన కంచమును గూడ అదే విధముగా నెట్టి, నేను పలికిన మాటనే పలికెను. నా భార్య ఏమియు అనలేదు. మా కంచములు తీసికొనిపోయి, పొయ్యి దగ్గర కూర్చుండి, మేము విడిచిన కూరతో తానొక్కతెయే అన్నము తినెను. ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు. గిట్టని కూర తినకపోవుట పాపమా? ఇష్టము లేనిదానికొరకు దేవునికి స్తోత్రము చెప్పుట వేషధారణ కాదా? ఈ రెండు ప్రశ్నలను మీతో కలిసి ఆలోచింపగోరుచున్నాను.

మొదట, గిట్టకపోవుట తనంతట తానే పాపము కాదని చెప్పవలెను. పసిబిడ్డ నాలుకకు తీపి తగిలిన ముఖము వికసించును, చేదు తగిలిన ముడుచుకొనును. ఇది ఎవరును నేర్పినది కాదు. విషపు మొక్కలలో అనేకము చేదుగా నుండును గనుక, చేదును అనుమానించు స్వభావము మనుష్యుని కాపాడుటకు ఉపయోగపడినది. మరియు అందరి నాలుకలును ఒక్కటి కావు. 1931 వ సంవత్సరమున అమెరికాలో ఆర్థర్ ఫాక్స్ అను రసాయన శాస్త్రజ్ఞుడు పని చేయుచుండగా ఒక పొడి గాలిలోనికి లేచెను. ప్రక్కనున్న సహోద్యోగి అది మిక్కిలి చేదుగా నున్నదనెను. ఫాక్సుకు మాత్రము ఏ రుచియు తెలియలేదు. ఆ భేదము తలిదండ్రుల నుండి బిడ్డలకు సంక్రమించునదని తరువాత తెలిసినది. కాబట్టి మనకు కమ్మగా నున్న కూర ప్రక్కవానికి నిజముగానే చేదు కావచ్చును. బిడ్డ ముఖము చిట్లించినంత మాత్రమున వానికి పొగరని తలంచి దెబ్బ కొట్టకుడి.

గిట్టకపోవుటకు మరియొక కారణము మన పల్లెలలో కలదు. కరవు దినములలో గట్టు మీది ఆకు కోసుకొని వండుకొని ప్రాణము నిలుపుకొన్న పెద్దలు మనలో ఎందరో యున్నారు. వారికి ఆకుకూర పేదరికపు జ్ఞాపకము. ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట ఇంట మాంసపు కూర ఉడికినయెడల అది గౌరవము, అది పండుగ. ఆ సంతోషమును ఎవరును తక్కువ చేయరాదు. ఆకులు తినువాడు పరిశుద్ధుడు, మాంసము తినువాడు అపవిత్రుడు అను బోధ మనది కాదు. ఆదికాండము మొదటి అధ్యాయములో విత్తనములిచ్చు చెట్లను ఆహారముగా ఇచ్చిన దేవుడే తొమ్మిదవ అధ్యాయములో నోవహుకు మాంసమును గూడ ఇచ్చెను. రోమా సంఘములో ఈ విషయమై కలహము పుట్టగా, తినువాడు తిననివానిని తృణీకరింపరాదనియు, తిననివాడు తినువానికి తీర్పు తీర్చరాదనియు, ఇరువురును దేవునికి కృతజ్ఞతలు చెల్లించుచున్నారనియు పౌలు వ్రాసెను. కృతజ్ఞతయే అక్కడి కొలత గాని కూర కాదు.

అయిన యెడల పాపము ఎక్కడ మొదలగును? సంఖ్యాకాండము 11 వ అధ్యాయము చూడుడి. ఇశ్రాయేలీయులు అరణ్యములో మాంసము కొరకు ఏడ్చిరని మనకు తెలియును. అయితే వారు జ్ఞాపకము చేసికొన్న వంటలలో చేపలతో పాటు కీరకాయలు, దోసకాయలు, కూరాకులు, ఉల్లిపాయలు, వెల్లుల్లి గూడ కలవు. అనగా వారు కూరల కొరకు గూడ సణిగిరి! ఐగుప్తులోని ఉల్లిపాయ వారికి జ్ఞాపకమున్నది. అక్కడి ఇటుకల పనియు కొరడాయు జ్ఞాపకము లేవు. ప్రతి ఉదయము గుడారము ముందర రాలుచున్న మన్నా వారి కంటికి ఆనలేదు. కాబట్టి దోషము మాంసములో లేదు, కూరలో లేదు. ఇచ్చినవానిని మరచి, ఇచ్చినదానిని హీనపరచిన నోటిలో నున్నది. ఒకే నోట స్తుతియు శాపమును బయలువెళ్లుట తగదని యాకోబు చెప్పినది మన భోజనపు పీటయొద్ద గూడ నిజమే.

ఇప్పుడు రెండవ ప్రశ్న. ఇష్టము లేనిదానికొరకు స్తోత్రము చెప్పుట వేషధారణ కాదు. స్తోత్రమనగా "ఇది నాకు రుచిగా నున్నది" అని చెప్పుట కాదు. "ఇది నాకు ఇయ్యబడినది" అని ఒప్పుకొనుట. రుచి నాలుక పని, కృతజ్ఞత హృదయము పని. జ్వరములో ఉన్న బిడ్డ చేదు మందు మింగి తల్లి ఒడిలో పండుకొనును. మందు తీపియైనదని వాడనుకొనడు, ఇచ్చిన చేయి అమ్మదని వానికి తెలియును. వేషధారణ ఏదనగా, స్తోత్రము చెప్పిన వెంటనే కంచమును నెట్టివేయుట.

ఆ నెట్టిన కంచపు భారము ఎవరి మీద పడుచున్నదో గూడ చూడవలెను. విత్తనము చల్లినవాడు, నీరు పెట్టినవాడు, తెల్లవారుజామున సంతకు మోసినది, పొగలో కన్నులు తుడుచుకొనుచు వండినది, వీరందరి కష్టము ఆ కంచములో నున్నది. ఆ యింటి యజమాని ఒక్క మాటతో దానిని త్రోసివేయును. మరునాడు ఇల్లాలు భయపడి ఆ కూర వండదు. అప్పుడు ఆయన నాలుకయే ఆ యింటికంతటికి చట్టమగును. బిడ్డలును భార్యయు ఆయనకు గిట్టనిదాని వలన కలుగు మేలును పోగొట్టుకొందురు.

ఆ మేలు చిన్నది కాదు. 2019–21 లో మన దేశములో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 మొదలు 49 సంవత్సరముల వయస్సు గల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నట్లు కనబడినది. మన మందిరములో స్త్రీల వైపు చాప మీద కూర్చున్నవారిని లెక్కించి చూచుకొనుడి. తోటకూర, మునగాకు వంటివానిలో ఇనుము, రక్తము పట్టుటకు కావలసిన ఫోలేటు, కంటిచూపును కాపాడు విటమిన్ ఏ గా మారు పదార్థమును ఉన్నవి. విటమిన్ ఏ చాలనియెడల బిడ్డలకు రేచీకటి వచ్చును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 లో ప్రకటించిన సూచనల ప్రకారము, దినమునకు 2000 కేలరీల ఆహారము తినువారు ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తినవలెను. మన కంచములలో అన్నము కొండవలె నుండి, కూర దాని ప్రక్కను చిటికెడు మాత్రమే యుండును. కొండ కొంచెము తగ్గవలెను, చిటికెడు పిడికిళ్లు కావలెను. అయితే ఆకుకూర తినుచున్నామని ఆరోగ్య కేంద్రమువారు ఇచ్చిన ఐరన్ మాత్రలు మానరాదు. కూర కూర పని చేయును, మందు మందు పని చేయును.

గిట్టని నాలుకకు ఎట్లు నేర్పవలెను? ఇక్కడ దానియేలు మనకు సహాయకుడు. ఆయన బబులోనులో రాజు భోజనమును మానుకొని శాకధాన్యాదులను కోరినది ఆరోగ్యము కొరకు కాదు, తన్ను అపవిత్రపరచుకొనకూడదను మనస్సాక్షి కొరకే. ఆ అధ్యాయమును వంటల పుస్తకముగా చేయరాదు. అయినను ఆయన నడచిన రీతి చూడుడి. ఆయన కేకలు వేయలేదు, ఎవరిని తూలనాడలేదు. నపుంసకుల యధిపతి భయమును గ్రహించి, పది దినములు మాత్రము పరీక్షించి చూడుమని నియామకుని వినయముతో వేడుకొనెను. పెద్ద ప్రమాణము చేయలేదు, చిన్న గడువు అడిగెను.

మనమును ఆలాగే చేయవచ్చును. పసిపిల్లలు క్రొత్త కూరను అంగీకరించుటకు ఎనిమిది, పది సార్లు, కొందరు అంతకంటె ఎక్కువ సార్లు రుచి చూడవలసి యుండునని పరిశీలించినవారు చెప్పుచున్నారు. మన తల్లులు రెండు మూడు సార్లు పెట్టి "వీడికి పడదు" అని విడిచిపెట్టుదురు. బలవంతముగా నోటిలో కుక్కిన కూర మీద ద్వేషమే పెరుగును. తినినయెడల బెల్లపు ముక్క ఇత్తునని లంచము చూపినను, కూర శిక్షయనియు బెల్లము బహుమానమనియు బిడ్డ నేర్చుకొనును. ఒక్క ముద్ద పెట్టుడి, చాలు. మరునాడు మరల ఒక్క ముద్ద. అన్నిటికంటె ముఖ్యముగా, తండ్రి వాని ఎదుట ఆ ముద్ద తినవలెను. నా కుమారుడు నా ప్రసంగము విని కంచము నెట్టలేదు, నా చేయి చూచి నెట్టెను.

వంటలో గూడ కొంత ఉపాయము కలదు. ఆకు గిట్టనివారు దానిని కందిపప్పులో కలిపి మెత్తగా ఉడికించి, వెల్లుల్లి తాలింపు పెట్టి మొదలు పెట్టవచ్చును. ఆకు వార్చి నీళ్లు పారబోయకుడి. మేలు కొంత ఆ నీళ్లతో పోవును. కొంచెము నూనె ఉండనిండు, ఏలయనగా కంటికి మేలుచేయు పదార్థము నూనెతోనే ఒంటికి పట్టును. తినునప్పుడు నిమ్మరసము పిండుకొనినయెడల ఆకులోని ఇనుము బాగుగా పట్టును; భోజనము చేసిన వెంటనే టీ త్రాగినయెడల అది తగ్గును. కాకరకాయ ముక్కలకు ఉప్పు రాచి కొంతసేపుంచి పిండి, చింతపండు బెల్లముతో పులుసు పెట్టిన చేదు చాలవరకు అణగును. మాంసము వండిన దినమున దానిలోనే గోంగూరయో, సొరకాయయో వేయవచ్చును. కూర ఇంటిల్లిపాదికి సరిపోవును, పండుగయు తగ్గదు. సంతలో ధరలు ఎక్కువైనయెడల, ఇంటి వెనుక గిన్నెలు కడిగిన నీరు పారుచోట ఒక మునగ చెట్టు, ఒక బచ్చలి తీగ చాలు.

అంతా చెప్పిన పిమ్మట చేదు కొంత మిగులును. దానిని గూడ దేవుడు వ్యర్థము చేయడు. పస్కా రాత్రి గొఱ్ఱెపిల్ల మాంసముతో చేదు కూరలు గూడ తినవలెనని ఆయన ఇశ్రాయేలీయులకు ఆజ్ఞాపించెను. విడుదల పండుగలో సయితము చేదునకు చోటిచ్చెను. దాసత్వపు దినములను వారు మరువకుండుటకు అది గురుతాయెను. తీపి మాత్రమే కోరు నాలుక, తీపి మాటలు మాత్రమే కోరు చెవి, సుఖము మాత్రమే కోరు విశ్వాసము, ఈ మూడును దగ్గరి చుట్టములు. కంచములో ఒక చేదు ముద్దను ఓర్చుకొనుట నేర్చినవాడు, రేపు సహోదరుని యొక్క గద్దింపును ఓర్చుకొనుటకు కొంత సిద్ధపడును.

పగతో కూడిన క్రొవ్విన మాంసము కంటె ప్రేమతో కూడిన ఆకుకూర భోజనము మేలని సొలొమోను సామెతలు 15 వ అధ్యాయములో బోధించెను. ప్రేమ వడ్డించు చేతిలోనే కాదు, తినువాని నోటిలోను ఉండవలెను.

ఆ రాత్రి తరువాత మా యింట పది దినములు నేను ఒక్క నియమము పెట్టుకొంటిని: స్తోత్రము చెప్పిన నోటితో కూరను నిందింపను, వడ్డించినదానిలో కొంతయైనను తిందును. ఇప్పటికిని కాకరకాయ నాకు ప్రియము కాలేదు, అబద్ధమాడుట యెందుకు? తోటకూర పప్పు మాత్రము అడిగి వడ్డించుకొనుచున్నాను. కుమారుడు కొన్ని దినములు తినును, కొన్ని దినములు ముఖము చిట్లించును. కంచమును మాత్రము నెట్టుట మానెను. నా భార్య ఇప్పుడు పొయ్యి దగ్గర ఒంటరిగా తినుటలేదు. ముగ్గురమును ఒక్క చాప మీద కూర్చుందుము.

ఈ నెలలో మీరును మీ యింట ఒక పది దినములు ఈ నియమమును పాటించి చూడుడి. ఆమేన్ అనిన తరువాత పలుకు మొదటి మాట యేదో కనిపెట్టి చూచుకొనుడి. మన అనుదినాహారమును దయచేయు తండ్రి, దానిని పుచ్చుకొను హృదయమును గూడ మనకు దయచేయును గాక. ఆమేన్.