చెప్పేదానికే జబ్బు చేస్తే

కారు మీటర్ బోర్డులో ఇంజిన్ బొమ్మతో పసుపుపచ్చగా వెలిగే ఆ చిన్న దీపం పొగ మీద అదుపు కోసం పుట్టింది. బండ్ల పొగతో ఉక్కిరిబిక్కిరైన కాలిఫోర్నియాలో 1988 నుంచి కొత్త కార్లకు ఈ ఏర్పాటు పెట్టించారు. 1996 కల్లా అమెరికా అంతటా తప్పనిసరి చేశారు. మన దేశానికి 2010 ఏప్రిల్‌లో మొదటి మెట్టుగా, 2013 ఏప్రిల్‌లో రెండో మెట్టుగా వచ్చింది. మన బండి వెనకాల స్కూటరు మీద వచ్చే మనిషి పీల్చే గాలి కోసం మన కళ్ల ముందు పెట్టిన దీపం అది. ఈ సంగతి తెలిశాక నాకు దాని మీద గౌరవం పెరిగింది.

అయితే అది వెలిగిన ప్రతిసారీ జబ్బు ఇంజిన్‌కేనని అనుకోనక్కర్లేదు. చాలాసార్లు ఇంజిన్ నిక్షేపంగా ఉంటుంది, దాని సంగతి కనిపెట్టి చెప్పాల్సిన సెన్సార్ పాడవుతుంది.

ఉమ్మడి ప్రకాశం జిల్లా బేస్తవారిపేటలో ఒంగోలు రోడ్డు వచ్చి నంద్యాల వైపు పోయే రోడ్డులో కలుస్తుంది. ఇక్కడి నుంచి గిద్దలూరు, ఆ పైన దిగువమెట్ట, అక్కణ్ణుంచి గాజులపల్లె దాకా నల్లమల అడవే. ఆ దారిలో బండి ఆగితే షెడ్డు దొరకదు. అందుకే మీటర్ బోర్డులో ఏ తేడా కనిపించినా డ్రైవర్లు ఈ ఊళ్లోనే ఆగుతారు. ఈమధ్య ఇక్కడి షెడ్డులో నేను కూర్చుని ఉండగా మహానందికి బయల్దేరిన ఒక కుటుంబం అలాగే వచ్చింది. పొదిలి దాటాక దీపం వెలిగిందట. కారు నడుపుతున్న ఆయన ముఖంలో కంగారు. వెనక సీట్లో పెద్దావిడ, తిరిగి ఇంటికి పోదాం నాయనా అంటోంది.

మెకానిక్ అడిగిన మొదటి మాట: "ఎలుగుతానే ఉందా సార్, కొట్టుకుంటా ఉందా?"

ఎంత పనికొచ్చే ప్రశ్నో! దీపం కొట్టుకుంటోందంటే సిలిండర్లో పెట్రోలు సరిగా మండకుండానే బయటికి పోతోందని అర్థం. అప్పుడు వెంటనే వేగం తగ్గించి బండి పక్కకు తీయాలి, లేకపోతే పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ మాడిపోతుంది. నిలకడగా వెలుగుతూ, బండి ఎప్పటిలా లాగుతుంటే కాస్త వ్యవధి ఉన్నట్టే. ఆయిల్ దీపం ఎర్రగా వెలిగితే మాత్రం ఇవేవీ ఆలోచించకూడదు, ఇంజిన్ ఆపేయాలి. మూడు రకాల వెలుగులకు మూడు రకాల తొందర. అన్నిటికీ ఒకే కంగారు పడితే నిజంగా తొందరపడాల్సినప్పుడు కాళ్లూ చేతులూ ఆడవు.

అతను ఆయిల్ చూశాడు, కూలెంట్ చూశాడు, ఇంజిన్ చప్పుడు విన్నాడు. తర్వాత స్టీరింగ్ కింద స్కానర్ తగిలించాడు. పి0135 అని కోడ్ వచ్చింది. ఆక్సిజన్ సెన్సార్ లోపలి హీటర్ లైనులో తేడా అని దాని అర్థం. ఇక్కడే చాలాచోట్ల సెన్సార్ పోయిందని తేల్చేసి కొత్తది తెప్పిస్తారు. కానీ కోడ్ చెప్పేది ఆ లైనులో ఎక్కడో తేడా ఉందని మాత్రమే. ఫ్యూజు పోయి ఉండొచ్చు, కనెక్టర్లో చిలుము పట్టి ఉండొచ్చు, ఎలక వైరు కొరికి ఉండొచ్చు. అతను ఫ్యూజు తీసి చూసి మళ్లీ పెట్టాడు. బండి కిందికి దూరి వైరును వేళ్లతో తడుముతూ చివరిదాకా వెళ్లాడు. కనెక్టర్ ఊడదీసి, తుడిచి, హీటర్ రెండు కాళ్లకూ మీటర్ పెట్టాడు. మంచి హీటర్ అయితే కొద్ది ఓమ్‌లు చూపించాలి. ఇది అసలేమీ చూపించలేదు. లోపల తీగ తెగిపోయింది.

"ఇంజన్ బానే ఉంది సార్. చెప్పేదే పోయింది."

ఆ చెప్పేదాని పని కూడా చిన్నదేం కాదు. సైలెన్సర్‌కు పోయే గొట్టంలో, మండుతున్న పొగలో మొన పెట్టుకుని ఉంటుంది. పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో కనిపెట్టి, వోల్టులో పదో వంతు నుంచి పదింట తొమ్మిది వంతుల దాకా వోల్టేజీ మార్చుతూ కంప్యూటర్‌కు కబురు పంపుతుంది. బాష్ కంపెనీ చేసిన ఈ సెన్సార్ 1976లో వోల్వో కార్లలో మొదటిసారి రోడ్డెక్కింది. దాని మొనలోని జిర్కోనియా పింగాణీ దాదాపు మూడు వందల డిగ్రీలు వేడెక్కితే గాని పలకదు, అందుకే లోపల హీటర్. ఆ హీటర్ పోతే కబురు ఆలస్యమవుతుంది. కబురు అందని కంప్యూటర్ ఏదో అంచనాతో బండి నడుపుతుంది, ఇంజిన్ ఆగకూడదని పెట్రోలు కాస్త ఎక్కువే పోస్తుంది. మైలేజీ పడిపోతుంది. అలాగే నెలల తరబడి తిప్పితే ఆ ఎక్కువైన పెట్రోలు కన్వర్టర్‌ను నిజంగానే పాడుచేస్తుంది. సెన్సార్ జబ్బేలే అని వదిలేస్తే అది చివరికి బండి జబ్బే అవుతుంది.

మనుషుల భయాలు కూడా అచ్చం ఇలాగే పనిచేస్తాయని నాకు గట్టి నమ్మకం. ఎప్పుడో తగిలిన దెబ్బతో లోపల ఏదో తీగ తెగిపోయి ఉంటుంది. బయట ఏ ఆపదా లేకపోయినా గుండె దడదడలాడుతుంది. అందులో నిజం లేదుగా, ఊరుకో అంటాం. కానీ ఆ భయంతో బతికే మనిషి రోజూ ఎక్కువ ఖర్చవుతూ ఉంటాడు. నిద్ర తగ్గుతుంది, మాటలో విసుగు వస్తుంది, కొన్నాళ్లకు ఒళ్లే పాడవుతుంది. భయానికి కారణం లేకపోవచ్చు, భయపడుతున్న మనిషికి మాత్రం వైద్యం కావాలి.

ఆ కుటుంబాన్ని మెకానిక్ వెనక్కి పంపలేదు. "పోయి రండి సార్, తిరిగొచ్చేటప్పుడు మార్చుకుందురు, సామాను తెప్పిస్తా" అన్నాడు. కోడ్ చెరిపేస్తే దీపం ఆరుతుంది కదా అని ఆయన అడిగితే, "చెరిపితే ఆరిపోద్ది, మళ్లీ వస్తది. మార్చేదాకా ఉండనీయండి" అన్నాడు. కారణం తేలింది కాబట్టి వెలుగుతున్న దీపంతోనే వాళ్లు నిశ్చింతగా అడవి దాటగలిగారు. నిశ్చింత అంటే నాకు అర్థమైంది అదే.

ఆ దీపాన్ని రూపొందించినవాళ్ల ఓర్పు కూడా నేర్చుకోదగింది. చాలా రకాల తేడాలకు అది ఒక్కసారికే వెలగదు. వరసగా రెండు ప్రయాణాల్లో అదే తేడా కనిపిస్తేనే వెలుగుతుంది. మూడు ప్రయాణాలు బాగా సాగితే తనంతట తానే ఆరుతుంది. మనం తోటివాళ్ల మీద ఒక్క మాటకే తీర్పు చెప్పేస్తాం, ఆ తర్వాత ఎన్నాళ్లు బాగున్నా దాన్ని ఎత్తేయం.

లేని ఆపద చెప్పే సెన్సార్ కంటే ఉన్న ఆపద కనిపెట్టలేనిది భయంకరం. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఎల్జీ పాలిమర్స్ కర్మాగారంలో స్టైరీన్ అనే రసాయనం ఉన్న ట్యాంకు పొంగి విషవాయువు ఊళ్ల మీద పడింది. 12 మంది పోయారు. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తేల్చినదాన్ని బట్టి, ఆ ట్యాంకులో వేడిని కొలిచేది అడుగున మాత్రమే ఉంది. పైపొర కాగిపోతుంటే చెప్పే దిక్కు లేదు. సైరనూ మోగలేదు.

మా పడమటి ప్రకాశంలో ఇంకో రకం చూశాం. ఇక్కడ దీపం నిజమే చెప్పింది, మనమే దానికి అలవాటు పడ్డాం. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఎముకల కంటే ముందు పిల్లల పళ్ల మీద కనిపిస్తుంది, గార పట్టినట్టు గోధుమ రంగు చారలుగా. అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బు ఉందని వైద్యులు 1937లోనే రాశారు. కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు ఆ జిల్లాలోవే. ఊరందరివీ అవే పళ్లయితే అది జబ్బులా కనిపించదు, ఊరి పోలికలా కనిపిస్తుంది. మోకాళ్లు పట్టేసిన ముసలమ్మ మంచం మీద నుంచి ఏదో అంటుంటే, ఎప్పుడూ అనేదేగా అని పనుల్లో పడిపోతాం. అదే నా బాధ. ఆమె అబద్ధం చెప్పలేదు, ఆమె గొంతు మనకు పాతబడింది.

మీ కారులో ఆ దీపం నెలలుగా వెలుగుతుంటే చెరిపించకండి, కారణం వెతికే మెకానిక్‌కు చూపించండి. మీ పిల్లల పళ్ల మీద చారలుంటే బోరు నీళ్లను గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో పరీక్ష చేయించండి. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ దాటితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు.