నీటి క్రింద ఇనుము

ఢిల్లీ నగరమునకు నైరుతి దిక్కున ద్వారక యను ఉపనగరమున్నది. పూర్వము పప్పన్‌కలాన్ మొదలగు గ్రామముల పొలములుగా నుండిన ఆ నేలపై నేడు అంతస్తుల మీద అంతస్తులుగా ఇండ్లు లేచియున్నవి. ఉద్యోగరీత్యా వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములును అక్కడ కలవు. ఒక ప్రక్క విమానాశ్రయము, మరియొక ప్రక్క నజఫ్‌గఢ్ కాలువ. ఆ కాలువ పరిసరములలో నక్కలు ఇంకను బ్రదుకుచున్నవి. విమానములు దిగు దారిమీదికి నక్క వచ్చెనని పత్రికలు పలుమారులు వ్రాసినవి.

తెలుగువాడు నక్కను మంచిగా తలచుట అరుదు. జిత్తులమారి యనును, పని యున్నప్పుడు మాత్రమే వంగి నమస్కరించువానిది నక్కవినయమనును. అదృష్టము కలిసివచ్చినవానిని మాత్రము నక్కతోక త్రొక్కి వచ్చెననును. పరమగీతము ద్రాక్షతోటలను చెరుపు గుంటనక్కలను పట్టుకొనవలెనని చెప్పుచున్నది. ప్రభువు హేరోదును నక్క యని పిలిచెను. అయితే ఆ ప్రభువే తనకు తల వాల్చుటకు స్థలము లేదని చెప్పినప్పుడు, నక్కకు బొరియ యున్నదని మొదట తలచుకొనెను (లూకా 9:58). ఆ బొరియ దానికి దయచేసిన వాడెవడో ఆయన యెరుగును.

నక్కను పట్టుట తగునా యనునది ఒక ప్రశ్న. పట్టు విధము మరియొక ప్రశ్న. విశ్వాసులు మొదటి దానిని గూర్చి యప్పుడప్పుడు వాదింతురు. రెండవ దానిని విచారించువారు బహు కొద్దిమంది.

ఆంధ్రదేశములో నక్కలవారను సంచారజాతి కలదు. పేరులోనే వారి పూర్వవృత్తి యున్నది. రాత్రివేళ నక్క కూతను అనుకరించి, దానిని దగ్గరకు రప్పించి పట్టుట వారి పెద్దల విద్య. నక్కకొమ్ము అను తాయెత్తును గూడ అమ్మెడివారు. నక్కకు కొమ్ము లేదని యెరిగియు కొనినవారు లేకపోలేదు! 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. ఉచ్చు పన్నుట, ఎర పెట్టుట గూడ వేటయేనని ఆ చట్టము నిర్వచించినది. 2022 సవరణతో నక్క మొదటి షెడ్యూలులో చేరినది. పూసలు, పిన్నీసులు అమ్ముకొని బ్రదుకు నక్కలవారిని నేడును సంతలలో చూడవచ్చును. వారి వేటలో మోసము లేదని చెప్పరాదు. అయినను ఆ వేటగాడు జంతువునకు ఎదురుగా నిలిచెను. దాని కన్నులు చూచెను, దాని అరుపు వినెను. ఈ సంగతి జ్ఞాపకముంచుకొని చలిదేశములలోని మరియొక పద్ధతిని చూడవలెను.

ఉత్తర అమెరికాలో బొచ్చుతోళ్ల కొరకు నక్కలను పట్టువారు నీటి ఉచ్చు నొకదానిని వాడుదురు. చలికాలమందును గడ్డకట్టని ఊటచెలమను వేటగాడు ఎన్నుకొనును. తన వాసన నేలమీద మిగులకుండ నీటిలోనే నడిచివచ్చును. గట్టుకు మూరెడు దూరమున, లోతులేని నీటిలో, ఇనుప దవడల ఉచ్చు నుంచును. దాని నడిమి రేకుమీద నాచుగడ్డ నొకటి పెట్టగా అది నీటికి పైగా చిన్న మెట్టవలె కనబడును. ఇంకను ఆవల ఒక రాతిమీద ఎర యుండును. నక్క గట్టున నిలిచి చూచును. దానికి పాదములు తడుపుకొనుట ఇష్టముండదు. గట్టుకును ఎరకును నడుమ పొడిగా నున్న తావు అదొక్కటే. అక్కడ అడుగు వేయును. సృష్టికర్త దానికిచ్చిన జాగ్రత్తయే దానిని పట్టియిచ్చును.

బీవరు, మింకు మొదలగు నీటిజంతువులకు లోతునీటిలో ఉచ్చు పన్నుదురు. పట్టుబడిన జంతువు తీగె వెంబడి అడుగునకు జారిపోయి, మరల పైకి రాలేక చనిపోవును. తోలు చెడదు, దొంగ చూడడు, శీఘ్రముగా ప్రాణము పోవును గనుక ఇది దయగల పద్ధతియని కొందరందురు. కాని ఊపిరి బిగబట్టుటకే చేయబడిన జంతువునకు ఆ మరణము నిమిషముల తరబడి సాగును. నీట ముంచి చంపుటను దయగల మరణముగా అమెరికా పశువైద్యసంఘము అంగీకరింపదు. ఇంకొక వింత యేమనగా, నేలమీది ఉచ్చులకంటె నీటిలోని ఉచ్చులను ఆలస్యముగా చూచుకొనుటకు ఆ దేశములోని కొన్ని రాష్ట్రముల చట్టములు వీలిచ్చుచున్నవి. నీరు ఇనుమును జంతువునుండి దాచును. జంతువు వేదనను మనుష్యునినుండి దాచును. రెండవ దాపరికమే ఎక్కువ భయంకరమైనది. బాధ తగ్గినది గనుక మనస్సాక్షి నెమ్మదించినదా, బాధ కనబడలేదు గనుక నెమ్మదించినదా?

వేటగాండ్రనందరిని దోషులని తీర్పు తీర్చుట న్యాయము కాదు. మంచునేలలో బొచ్చుతోలే అన్నము, వస్త్రము అయిన జనులున్నారు. 1840లో నార్వేహౌస్ అను వర్తకస్థానమున మెథడిస్టు మిషనరీ జేమ్స్ ఎవాన్స్ క్రీ జనులకు లిపి కూర్చి, టీ పెట్టెల సీసముతో అక్షరములు పోసి, బొచ్చుతోళ్ల మూటలను అదుము యంత్రమునే అచ్చుయంత్రముగా వాడి, వారి భాషలో కీర్తనలు అచ్చువేసెను. ఆ తోళ్ల వెనుక ఉచ్చులున్నవి. ఆ కీర్తనలను పాడి దేవుని స్తుతించిన ఆత్మలును ఉన్నవి. ఈ రెంటిని విడదీయుట తేలిక గాదు.

వాక్యమును గూడ నిజాయితీగా చదువవలెను. సమ్సోను మూడువందల నక్కల తోకలకు దివిటీలు కట్టిన చోట (న్యాయా. 15) గ్రంథకర్త నక్కలనుగూర్చి జాలిమాట పలుకలేదు. జలప్రళయము తరువాత మాంసము తినుటకు సెలవు దొరికెను, అయితే ఆ అధ్యాయమందే దేవుడు నోవహుతో మాత్రమే గాక ఓడనుండి వెలువడిన సమస్త జీవులతోను నిబంధన చేసెను (ఆది. 9). సెలవు వేరు, లెక్క అప్పగింపకుండుట వేరు. నిబంధనలో పాలున్న జీవి చచ్చుచుండగా కన్ను మరల్చుకొనుటకు ఆ అధ్యాయము ఎవనికిని సెలవీయలేదు.

ద్వారకలో నీటి ఉచ్చు పన్నువాడెవడును లేడు. నక్క బొచ్చుతోళ్ల దిగుమతిని భారతప్రభుత్వము 2017 జనవరిలో నిషేధించినది. కనుక ఇది దూరదేశపు సంగతియని అక్కడి విశ్వాసి పుస్తకము మూయవచ్చును. అయితే అతని మేడ నిలిచిన ప్రాంతమున ఒకప్పుడు జోహడ్‌లను ఊరచెరువులుండెడివి. పశువులును, రాత్రివేళ నక్కలును అక్కడ నీళ్లు త్రాగెడివి. నగరము లేచినప్పుడు వాటిలో కొన్ని పూడిపోయినవి. ఏ నక్క దాహముతో ఎక్కడికి పోయెనో చూచినవారు లేరు. అదియు కనబడని బాధయే. కొన్ని చెరువులను బాగుచేయించుటకు అక్కడి నివాసులు కొందరు పూనుకొని పాటుపడిరి. అట్టి చెరువునకు గట్టు నిలువు గోడగా కట్టవలెనా, జంతువు దిగి త్రాగునట్లు వాలుగా వదలవలెనా యనునది ఇంజనీరు తేల్చవలసిన ప్రశ్నవలె కనబడును. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో, గూటిలోని తల్లిపక్షిని పోనియ్యవలెనను ఆజ్ఞ వెంటనే, క్రొత్త యిల్లు కట్టువాడు మేడచుట్టు పిట్టగోడ కట్టవలెనను ఆజ్ఞ వచ్చును.