మెడలో నొప్పి, చెవిలో చికిత్స: బాధకు చోటెక్కడ?

మెడలో పుట్టిన నొప్పి చెవికి పంపిన సన్నని విద్యుత్తుతో తగ్గుతుందంటే, ఆ నొప్పి నిజంగా మెడలోనే ఉన్నదా అన్న ప్రశ్న ఎదురుకాక తప్పదు. కళాశాల క్రీడాకారుల మెడనొప్పికి పరిశీలనలో ఉన్న వేగస్ నాడీ ప్రేరణ, అంటే చెవి ద్వారా ఒక నాడిని విద్యుత్తుతో మేల్కొలిపే పద్ధతి, పైకి చూస్తే చిన్న వైద్యప్రక్రియ మాత్రమే. కానీ బాధకు ఆశ్రయమేది, దాన్ని ఎరిగేదెవరు, బాధ పోయిందని చెప్పే అధికారం ఎవరిది అనే ప్రశ్నలు ఆ ప్రక్రియ చుట్టూ మళ్ళీ చేరుతున్నాయి.

మెదడు నుంచి నేరుగా వెలువడే పన్నెండు జతల నాడుల్లో పదవది వేగస్. లాటిన్‌లో ఆ మాటకు తిరుగాడేది అని అర్థం. పుర్రె అడుగు నుంచి బయలుదేరి, మెడలో ప్రధాన ధమనికీ సిరకూ నడుమ ఒకే తొడుగులో దిగి, గుండెను, ఊపిరితిత్తులను, జీర్ణకోశాన్ని తాకుతూ పోయే ఈ నాడికి ఆ పేరు తగినదే. దాని పోగుల్లో అధికభాగం మెదడు ఆజ్ఞలను అవయవాలకు మోసేవి కావు, అవయవాల సమాచారాన్ని మెదడుకు చేర్చేవి. అంతటి లోపలి నాడి చర్మం మీద స్పర్శకు అందేది చెవి దగ్గర మాత్రమే. చెవి రంధ్రానికి కాస్త పైన, దొప్ప లోపల, వేలికొన పట్టేంత గుంట ఒకటి ఉంటుంది; 2002లో ప్యూకర్, ఫిల్లర్ అనే పరిశోధకులు మృతదేహాల చెవులను విప్పి పరిశీలించి, తాము చూసిన చెవులన్నిటిలోనూ ఆ గుంట చర్మానికి వేగస్ శాఖే స్పర్శనిస్తున్నదని ప్రకటించారు. చికిత్సలో ఆ గుంటలో చిన్న ఎలక్ట్రోడును అమర్చి, తరచుగా సెకనుకు 25 సార్ల చొప్పున స్వల్ప విద్యుత్ స్పందనలు పంపుతారు. చీమలు పాకినట్లు చెవిలో చిమచిమ తెలిసేదాకా బలాన్ని పెంచి, అది నొప్పిగా మారకముందే ఆపుతారు.

ఆ స్పందనలు మెదడు కాండాన్ని చేరి, అక్కడి నుంచి వెన్నుపాములోకి దిగే, నొప్పిని అణచే మార్గాలను ఉత్తేజపరుస్తాయని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. మెడ పైభాగపు నాడులూ, ముఖం నుంచీ చెవి నుంచీ వచ్చే నాడులూ ఆ కాండపు దిగువన ఒకచోట కలుస్తాయి గనుక చెవికీ మెడకూ శరీరంలోనే ఒక కూడలి ఉన్నదనడం అతిశయోక్తి కాదు. అయితే నొప్పి విషయంలో ఈ పద్ధతిపై జరిగిన ప్రయోగాలు చాలావరకు చిన్నవి, కొద్దికాలానివి; వాటి ఫలితాలు ఏకరీతిగా లేవు. కాబట్టి ఇక్కడ విచారించవలసింది చికిత్స గొప్పతనం కాదు, అలాంటి చికిత్స సాధ్యమేనని అనుకోవడంలో నొప్పిని గురించి ఇమిడి ఉన్న అవగాహన.

17వ శతాబ్దపు ఫ్రెంచి తత్త్వవేత్త రెనే డెకార్ట్ నొప్పిని తాడు లాగితే మోగే గంటతో పోల్చాడు: నిప్పు తగిలిన పాదం వద్ద తాడు కదులుతుంది, తల లోపల గంట మోగుతుంది. ఆ పోలిక ప్రకారం నొప్పి ఎంతనేది తాడును ఎంత గట్టిగా లాగారన్న దానిపైనే ఆధారపడాలి. అదే డెకార్ట్ 1641 నాటి తన ధ్యానాల గ్రంథంలో, ఆత్మ శరీరంలో ఓడలోని నావికుడిలా కూర్చుని లేదని, దెబ్బను దూరం నుంచి చూడక తానే అనుభవిస్తుందని ఒప్పుకోవలసివచ్చింది. ఆయన యంత్రానికి లొంగనిది ఆయన అనుభవమే. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు వెన్నుపాములో నొప్పి సంకేతాలకు ఒక ద్వారం వంటిది ఉన్నదని, ఇతర స్పర్శలూ మెదడు నుంచి దిగే సంకేతాలూ దాన్ని మూయగలవని, తెరవగలవని ప్రతిపాదించిన తరువాత తాడు పోలిక వైద్యంలో కూడా నిలవలేదు. నొప్పిపై పరిశోధించే అంతర్జాతీయ సంఘం 2020లో సవరించిన నిర్వచనం నొప్పిని ఇంద్రియానికీ ఉద్వేగానికీ చెందిన అప్రియానుభవమన్నది. ప్రతి మనిషికీ తన నొప్పి వ్యక్తిగతమైనదని, నొప్పిగా ఉందని ఒకరు చెప్పినప్పుడు ఆ మాటను గౌరవించాలని కూడా చేర్చింది.

నొప్పిని అనుభవం వైపు నుంచి నిర్వచించడం భారతీయ తర్కానికి కొత్త కాదు. ఆంధ్రదేశీయుడిగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో దుఃఖాన్ని గాయంతోనో కారణంతోనో నిర్వచించలేదు. అందరికీ ప్రతికూలంగా తెలియవచ్చేదే దుఃఖమన్నాడు. న్యాయవైశేషికుల లెక్కలో దుఃఖం శరీరానికి చెందిన గుణం కాదు, ఆత్మకు చెందిన గుణం. మరి మెడ నొస్తున్నదని మనిషి ఎందుకంటాడు? ఆత్మ సర్వవ్యాపి అయినా అందులో సుఖదుఃఖాలు శరీరపు హద్దుల్లోనే పుడతాయని, మెడ ఆ దుఃఖానికి ఆశ్రయం కాక అవచ్ఛేదకం, అంటే హద్దు ఏర్పరచేది మాత్రమేనని వారి సమాధానం. మడిలో నీరు నిలిచినప్పుడు మడి నీటికి హద్దే తప్ప నీటి పుట్టుక కాదు. ఆ దృష్టితో చూస్తే ఒక అంగంలో తెలిసే బాధను మరో అంగం ద్వారా మార్చడంలో తార్కికంగా విడ్డూరమేమీ లేదు.

మనస్సు అణువంతటిదని, అందుచేత ఒక క్షణంలో ఒక జ్ఞానమే పుడుతుందని కూడా నైయాయికులు చెప్పారు. చెవిలోని చిమచిమకు లగ్నమైన మనస్సు ఆ క్షణంలో మెడను విడిచిందని ఆ సిద్ధాంతంతో ఒక వివరణ ఇవ్వవచ్చు. కానీ విద్యుత్తు ఆపిన తరువాత కూడా ఉపశమనం నిలిచిందనుకుంటే, మనస్సు పక్కకు మరలిందన్న ఒక్క కారణం చాలదు.

ఇక్కడే ప్రయోగశాలలో ఒక చిక్కు ఉన్నది. అసలు చికిత్స ఫలితాన్ని తేల్చడానికి కొందరికి ఉత్తుత్తి చికిత్స ఇస్తారు. అందుకు తరచుగా ఎంచుకునేది చెవితమ్మె, ఎందుకంటే అక్కడ వేగస్ శాఖ లేదు. అయితే తమ్మెకు స్పర్శనిచ్చే నాడి మెడలోని రెండవ, మూడవ వెన్ను నాడుల నుంచి పుట్టి, మెడ పక్క కండరం మీదుగా పైకి ఎక్కుతుంది. అంటే మెడనొప్పి విషయంలో ఉత్తుత్తిదిగా పెట్టుకున్న చోటు మెడకే చుట్టం. ఈ చిక్కును మరో చోటు ఎంచుకుని సవరించవచ్చు. తాత్త్వికమైన చిక్కు మాత్రం అలా తీరదు. అద్వైతులు తాడును పాముగా పొరబడిన మనిషిని ఉదాహరించి, పాము అబద్ధమైనా భయం, వణుకు కలిగినవేనని చూపారు. ఉత్తుత్తి చికిత్సతో కలిగిన ఉపశమనం ఆ ఉదాహరణకు తిరగవేసిన రూపం: మందు అబద్ధం, ఊరట నిజం. అమెరికన్ తత్త్వవేత్త సాల్ క్రిప్కీ 1970 నాటి ఉపన్యాసాల్లో, వేడి విషయంలో తోచినదానికీ ఉన్నదానికీ తేడా ఉండవచ్చు గాని, నొప్పిగా తోచడమే నొప్పి కావడమన్నాడు. ఆ మాట నిలిస్తే ఊరట విషయంలోనూ అంతే. ప్రయోగం తేల్చగలిగేది ఊరటకు కారణం విద్యుత్తా, ఆశా అన్నదే కాని, ఊరట ఉన్నదా లేదా అన్నది కాదు. అలాగని రోగిని మోసగించడం ధర్మమైపోదు. ఊరట నిజమే అయినా దాన్ని తెచ్చిన మాట అబద్ధమైతే రోగికీ వైద్యుడికీ మధ్య ఉండవలసిన నమ్మకం చెడుతుంది.

ఈ చర్చలో సంప్రదాయాన్ని విజ్ఞానంతో తొందరపడి ముడివేయడం మరొక ప్రలోభం. బొంబాయి వైద్యుడు వసంత్ రేలే 1927లో ప్రచురించిన గ్రంథంలో కుండలిని అంటే కుడి వేగస్ నాడేనని వాదించాడు. చెవులు కుట్టించడం, వినాయకుడి ముందు తమ్మెలు పట్టుకుని గుంజిళ్ళు తీయడం వేగస్‌ను మేల్కొలుపుతాయన్న వ్యాఖ్యానాలు కూడా ఈ తీరువే. వేగస్ శాఖ తమ్మెలో లేదన్న ఒక్క సంగతి చాలు, ఆ ముడి వీడిపోవడానికి. గుంజిళ్ళలోని వినయానికి నాడీశాస్త్రపు పూచీ అవసరం లేదు. నాడీశాస్త్రానికి కుండలిని సాక్ష్యమూ అవసరం లేదు.

సాంఖ్యకారిక దుఃఖత్రయంతో మొదలవుతుంది: తన శరీర మనస్సుల్లో పుట్టేది, ఇతర ప్రాణుల వల్ల కలిగేది, దైవికమైనది. కళ్ళకు కనిపించే ఉపాయాలు ఉండగా తత్త్వవిచారం ఎందుకన్న ఆక్షేపణను తానే లేవనెత్తి, అలాంటి ఉపాయాలు తప్పక పనిచేస్తాయన్న నిశ్చయమూ లేదు, పోయిన బాధ తిరిగి రాదన్న హామీ కూడా లేదని సమాధానం చెబుతుంది. చెవిలోని ఎలక్ట్రోడు అచ్చంగా అలాంటి దృష్టోపాయం. అయినా మెడ పట్టేసి తల తిప్పలేని ఈతగాడికి మోక్షశాస్త్రం బోధించి ఊరుకోవడం కరుణ కాదు. ఆ గ్రంథం నుంచి ఇక్కడ తీసుకోవలసింది చిన్న ఉపాయాల పట్ల చులకన కాదు, వాటి హద్దుల ఎరుక.

ఆ ఎరుక క్రీడల్లో మరీ అవసరం. 1905 నాటి అమెరికన్ ఫుట్‌బాల్ మరణాల కలవరం నుంచే అమెరికా కళాశాలల క్రీడాసంఘం 1906లో పుట్టింది. నేడు దాని పరిధిలో ఐదు లక్షలకు పైగా విద్యార్థులు ఆడుతున్నారు. వారిలో కుస్తీ పట్టే విద్యార్థికి మెడనొప్పి ఒక్కోసారి అలసిన కండరపు ఫిర్యాదు, ఒక్కోసారి వెన్నుపూసల మధ్య గాయం పంపిన హెచ్చరిక. రెండింటినీ ఒకే తీరున నిశ్శబ్దం చేయగల ఉపాయం రెండింటి అర్థాన్నీ చెప్పలేదు. ట్రామడాల్ అనే నొప్పి మందును ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 2024 జనవరి నుంచి పోటీల సమయంలో నిషేధించింది. చెవికి పెట్టే సన్నని విద్యుత్తు మందు కాదు గనుక దాన్ని అదే గాటన కట్టలేము; కానీ శిక్షకుడి ఆత్రం, జట్టు అవసరం, ఉపకారవేతనం పోతుందన్న భయం కలిసి ఒక విద్యార్థి నోట నొప్పి లేదనిపిస్తే, అక్కడ అణగినది నొప్పి కాదు, దాన్ని చెప్పుకునే స్వాతంత్ర్యం.

కాబట్టి బాధకు చోటెక్కడ అన్న ప్రశ్నకు మెడ అని గాని, మెదడు అని గాని చెప్పే సమాధానం సగమే. బాధ ఒకరికి ప్రతికూలంగా తెలియవస్తుంది. మెడ దానికి హద్దు, చెవి దాన్ని పలకరించగల ఒక వాకిలి. చికిత్స ముగిశాక విద్యార్థి తలను నెమ్మదిగా ఎడమకు, కుడికి తిప్పి చూసుకుంటాడు; సున్నా నుంచి పది దాకా ఇప్పుడు ఎంత ఉన్నదని వైద్యుడు అడుగుతాడు. చర్మం కింది నాడులను తూకం వేసినట్లు వివరించగల శాస్త్రం కూడా ఆ అంకె కోసం కలం పట్టుకుని ఆ విద్యార్థి నోటి వైపే చూడాలి.