నక్షత్రాల సంఘంలో మన వరుస ఎక్కడ?

 

కొత్తకోటలో ఒక ఆదివారం వందన అయిపోయినంక ఇంటర్ చదివే పిల్లగాడు లేచి ఒక ప్రశ్న అడిగిండు. ఫోన్‌లో ఏదో అంతరిక్షం సినిమా చూసినట్టున్నడు. "వేరే గ్రహాల జీవులన్నీ కలిసి ఒక కూటమి కడితే, అందుల మనుషుల పాత్ర ఏముంటది సార్?" పెద్దలు నవ్విన్రు. నాకైతే నవ్వు రాలేదు. సంఘంలోకి కొత్తగా వచ్చినవాడు ఎట్ల మెలగాలన్నది మనం నిత్యం అడుక్కోవలసిన ప్రశ్నే.

ఇట్లాంటి కథల్లో బాగా పేరున్నది 'స్టార్ ట్రెక్'. 1966లో అమెరికా టీవీలో మొదలైంది. ఆ కథలో 2161వ సంవత్సరంలో మనుషులు మరో మూడు జాతుల జీవులతో కలిసి గ్రహాల ఫెడరేషన్ స్థాపిస్తారు. ఆ జాతులకు ఒకరంటే ఒకరికి పడదు. అందరికంటే వెనుక వచ్చిన మనుషులే నడుమ నిలబడి వాళ్లను కలుపుతారు. కథ బాగుంది. మరి కలపడం తెలిసిన ఆ మనిషి ఎక్కడుంటడు? మన ఊర్లల్ల నాకు ఎదురుపడలేదు.

ఇది కథ. నిజంగా జరిగింది కూడా ఒకటుంది. 1977లో నాసా పంపిన రెండు వాయేజర్ నౌకల్లో బంగారు పూత పూసిన రికార్డులు పెట్టారు. ఎప్పటికైనా వేరే లోకపు జీవులకు దొరికితే వింటారని 55 భాషల్లో పలకరింపులు నింపారు. వాటిల్లో తెలుగు ఉంది. తెలుగు మాట్లాడే జనం తరఫున శుభాకాంక్షలు చెప్పిన గొంతు అది. వాయేజర్-1 2012లో సూర్యుని గాలి వీచే హద్దు దాటి నక్షత్రాల నడుమకు చేరింది. ఇక్కడ మాత్రం అదే తెలుగు మాట్లాడే ఊర్ల హోటళ్లల్ల రెండు గ్లాసుల పద్ధతి నడిచింది. ముఖం తెలియని జీవికి శుభాకాంక్షలు, ముఖం తెలిసిన మనిషికి వేరే గ్లాసు!

మహాడ్ సంగతి గుర్తు చేసుకోండి. చవదార్ చెరువులో పశువులు తాగొచ్చు, మనం తాగొద్దు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ ఆ నీళ్లు దోసిట్లోకి తీసుకున్నంక, చెరువు మైలపడిందని ఆవు పేడ, మూత్రం పోసి శుద్ధి చేసిన్రు. అంటే వేరే జాతి ప్రాణితో వాళ్లకు ఇబ్బంది లేదు, సాటి మనిషితోనే ఇబ్బంది.

వినయపిటకంలో ఉపాలి వృత్తాంతం ఉంది. ఉపాలి శాక్యులకు క్షురకుడు. అనురుద్ధుడు, ఆనందుడు మొదలైన శాక్య కుమారులు అతనితో పాటు బుద్ధుని దగ్గరికి పోయారు. తమకు గర్వం ఎక్కువనీ, ముందుగా ఉపాలికే ప్రవ్రజ్య ఇవ్వమనీ వాళ్లే అడిగారు. సంఘంలో ముందు వచ్చినవాడికి తర్వాత వచ్చినవాడు మొక్కాలి, కులం లెక్కలోకి రాదు. అట్ల రాజకుమారులు మంగలికి మొక్కారు. రాజగృహంలో జరిగిన మొదటి సంగీతిలో వినయం గురించి అడిగితే జవాబు చెప్పింది ఈ ఉపాలే.

నక్షత్రాల కూటమిలో కూడా మనిషికి తగిన పాత్ర ఇదే అనుకుంటా. అధ్యక్ష పీఠం కాదు, చివరి వరుస. "మరి మనం బాగుపడేదాక చేరొద్దా సార్?" అన్నడు పిల్లగాడు. అట్ల కాదు. శాక్య కుమారులు గర్వం పోయినంక రాలేదు, గర్వం ఉందని ఒప్పుకొని వచ్చారు.

మనం ఒప్పుకుంటున్నమా? దీక్ష తీసుకొని, 22 ప్రతిజ్ఞలు చదివి కూడా మాలవాడ, మాదిగవాడ అని వేర్వేరుగా జయంతులు చేస్తున్నం. పెళ్లి సంబంధం మాట వస్తే నోరు మెదపం. ఈ మాటకు కొందరికి నా మీద కోపం రావచ్చు, రానీయండి.

పిల్లగాడు చివరికి ఇంకోటి అడిగిండు. "ఆ జీవులల్ల కూడ కులాలుంటే?" ఈసారి ఎవ్వరూ నవ్వలేదు. వచ్చే ఆదివారం దాని మీదనే మాట్లాడుకుందమన్న.