బల్లయొద్ద కూర్చున్నవాడు, నిలిచియున్నవాడు

ధ్యాన భాగము: లూకా 22:24-27



“అయ్యగారూ, పెద్ద హోటళ్లలో భోజనము చేయుట క్రైస్తవులకు తగునా?” అని పటాన్‌చెరు ప్రాంతపు యౌవనస్థులు మమ్మును అడిగియున్నారు. ఇది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. మన బిడ్డలు చదువుకొని పాశమైలారము, బొల్లారము కర్మాగారములలోను, నగరపు ఆఫీసులలోను ఉద్యోగములు చేయుచున్నారు. జీతము వచ్చిన దినమున తలిదండ్రులను ఒక మంచి చోట కూర్చుండబెట్టి కడుపునిండ పెట్టవలెనని వారికి ఆశ కలుగుట సహజము. అవునని గాని కాదని గాని చెప్పకమునుపు, మేము చేసిన ఒక తప్పిదమును మీ యెదుట ఒప్పుకొనవలసియున్నది.

కొంతకాలము క్రిందట మా సంఘములోని ఒక కుటుంబమువారు, కుమార్తెకు ఉద్యోగము దొరికినందుకు దేవునికి కృతజ్ఞత చెల్లించి, మమ్మును మా యింటి అమ్మగారిని నగరములోని ఒక గొప్ప హోటలుకు తీసికొనిపోయిరి. లోపల దీపములు మందముగా వెలుగుచుండెను. తెల్లని గుడ్డ పరచిన బల్ల, దానిమీద మడిచిన చేతిరుమాళ్లు, ఎన్నో చెంచాలు. దేనితో ఏది తినవలెనో తెలియక మేము ఒకరి ముఖము ఒకరము చూచుకొంటిమి. మెనూ కార్డులో ఒక్క పళ్లెము వెల, మన పొలములలో కలుపు తీయు తల్లి దినమంతయు వంగి సంపాదించు కూలికంటె ఎక్కువగా ఉండెను.

చిన్న ఇత్తడి పళ్లెములో అరచేయంత జొన్నరొట్టె వచ్చెను. మేము నవ్వుకొంటిమి. మా చిన్నతనములో ఇంట జొన్నరొట్టె ఉన్నదని బడిలో చెప్పుటకు సిగ్గుపడెడివారము. వరి అన్నము పండుగ దినపు భోజనము. 1972లో మన పటాన్‌చెరులోనే స్థాపింపబడిన ఇక్రిశాట్ సంస్థవారు జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగలమీద పరిశోధన చేయుచున్నారు. ఐక్యరాజ్య సమితి 2023వ సంవత్సరమును చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించెను. బీదల గింజకు గౌరవము కలిగినందుకు సంతోషమే. అయితే ఆ గింజను తిని బ్రదికిన బీదలకు గౌరవము కలిగినదా? ఈ ప్రశ్న ఆ బల్లయొద్దనే మాకు ఎదురుపడెను.

మొదట ఒక మాట. అట్టి చోట కూర్చుండుటయే పాపమని మేము చెప్పము. మన ప్రభువు కానాలో పెండ్లి విందుకు వెళ్లెను. పరిసయ్యుడైన సీమోను ఇంట భోజనమునకు కూర్చుండెను. ధనవంతుడైన జక్కయ్య యింట బస చేసెను. ఆయనను తిండిపోతని నిందించినవారు కూడ ఉండిరి గాని, ఆయన బల్లలను విడిచి పారిపోలేదు.

మరియొక సంగతి మన పెద్దలకు బాగుగా తెలియును. మన తాతలనాడు ఊరి హోటలులో మనవారికి బల్లయొద్ద చోటు లేదు. గుమ్మము బయట నేలమీద కూర్చుండి, వేరుగా ఉంచిన గ్లాసులో టీ త్రాగి, ఆ గ్లాసును తామే కడిగిపెట్టిరి. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగములోని 15వ అధికరణము, మతము, జాతి, కులము మొదలైనవాటినిబట్టి ఏ పౌరునికిని దుకాణములలోను హోటళ్లలోను ప్రవేశమునకు అడ్డు చెప్పరాదని పలుకుచున్నది; 17వ అధికరణము అంటరానితనమును రద్దు చేసెను. అట్లు దొరికిన కుర్చీలో మన కుమార్తె తన తండ్రిని కూర్చుండబెట్టినప్పుడు, ఆ తండ్రి కన్నులు చెమర్చినవి. దానిని ఆడంబరమని నిందించుటకు మేమెవరము?

ఇక మా తప్పిదము. నీళ్లు పోయుటకు ఒక యౌవనుడు వచ్చెను. నల్లని కోటు, తెల్లని చేతితొడుగులు. అతడు వంగి గ్లాసు నింపుచుండగా ముఖము చూచి గుర్తించితిమి. అతడు మా పాస్టరేటులోని పిల్లవాడు. మా చేతులమీదుగా బాప్తిస్మము పొందినవాడు. నక్కవాగు వెంబడి అతని తాతకు కొద్దిపాటి వరిమడి ఉండెడిది. కర్మాగారముల వ్యర్థజలము ఆ వాగులో కలిసి ఊళ్ల పొలములు చెడిన సంగతి 1990లో సుప్రీంకోర్టు వరకు పోయెను. ఆ మడి పోయినది. మనుమడు నగరములో మనకు మంచినీళ్లు పోయుచున్నాడు.

అతడు మమ్మును చూచెను. మేము అతనిని చూచితిమి. పేరు పెట్టి పిలువవలసిన మేము తల వంచుకొని రొట్టె త్రుంచుకొంటిమి. ఎందుకు? అతడు సిగ్గుపడునేమోయని ఆ క్షణమున మాకు మేము చెప్పుకొంటిమి. అది అబద్ధము. అంత వెలగల భోజనము తినుచుండగా మా సంఘపు బీద బిడ్డ చూచెనని మేమే సిగ్గుపడితిమి; మా బల్లవారి యెదుట సర్వరుతో చనువుగా మాటలాడుటకును సిగ్గుపడితిమి. రెండు సిగ్గులు కలిసి మా నోరు మూసినవి.

లూకా 16వ అధ్యాయములోని ధనవంతుని కథ అనేక మారులు ప్రసంగించితిమి. అతడు లాజరును కొట్టినట్టు గాని వెళ్లగొట్టినట్టు గాని అక్కడ వ్రాయబడలేదు. ప్రతిదినము వాకిట పడియున్న మనుష్యుని అతడు లెక్కచేయలేదు; అంతే. ఆమోసు ప్రవక్త ఆరవ అధ్యాయములో దంతపు మంచములమీద పండుకొని క్రొవ్విన గొఱ్ఱెపిల్లలను తినువారిని గద్దించినది వారి కడుపు నిండినందుకు మాత్రమే కాదు. తమ జనులకు కలిగిన నాశనమునకు వారి హృదయము నొచ్చుకొననందుకు. కాబట్టి విందులోని పాపము పళ్లెములో కంటె కన్నులలో ఎక్కువగా ఉండునని మాకు తెలిసినది. అందుచేత కారం మెతుకులు తినువాడు కూడ దానినుండి తప్పించుకొనలేడు.

హైదరాబాదు ఫలక్‌నుమా ప్యాలెసులో 101 మంది ఒకేసారి కూర్చుండదగిన భోజనపు బల్ల కలదు. 1884లో కట్టుట మొదలుపెట్టిన ఆ మేడ 2010 నుండి హోటలుగా నడుచుచున్నది. 2017 నవంబరు 28న భారత ప్రధాని అక్కడ విదేశపు అతిథులకు విందు చేసెను. అంత పొడవైన బల్లకైనను ఒక నియమము కలదు: కూర్చున్నవారి వెనుక వడ్డించువారు నిలిచియుందురు. అన్ని బల్లల నియమము ఇదే. ప్రభువు మాత్రము దీనిని తలక్రిందులు చేసెను. కూర్చున్నవాడు గొప్పవాడా, వడ్డించువాడు గొప్పవాడా అని శిష్యులను అడిగి, తాను వారి మధ్య వడ్డించువానివలె ఉన్నానని చెప్పెను. ఆ రాత్రి హోటలులో ప్రభువును వెదకినయెడల, మా కుర్చీలో గాక నీళ్ల కూజా పట్టుకొన్నవాని ప్రక్కన కనబడియుండెడివాడు.

తరువాతి వారము మేము ఆ పిల్లవాని ఇంటికి వెళ్లితిమి. అతడు రాత్రి పనినుండి వచ్చి నిద్రించి అప్పుడే లేచెను. “నాయనా, ఆ దినము నిన్ను చూచియు పలుకరించలేదు, క్షమించుము” అని చెప్పితిమి. అతడు తెల్లబోయి, “అట్లనకండి అయ్యగారూ. నేను గూడ పలుకరియ్యలే గద. మీరు, అమ్మగారు మంచిగ కూసొని తింటున్నరని నాకు సంతోషమనిపించింది. ఆ గ్లాసు మల్ల మల్ల నేనే వచ్చి నింపిన” అనెను. మేము ఏమియు మాటలాడలేకపోతిమి. మేము తల వంచుకొన్న గంటలో అతడు మాకు ప్రేమతో పరిచర్య చేయుచుండెను. సువార్త నేర్పినవారము మేము, నడచినవాడు అతడు.

ఇక యౌవనస్థుల ప్రశ్నకు మా జవాబు. వెళ్లవచ్చును, అయితే కన్నులు తెరచుకొని వెళ్లుడి. అప్పు చేసి వెళ్లకుడి. ఇతరుల మెప్పు కొరకు చేయు విందు, హోటలులోనైనను మన పెండ్లి పందిరిలోనైనను, కుటుంబమునకు ఉరియే. వడ్డించువాని పేరు అడిగి, మర్యాదగా మాటలాడుడి. సర్వీసు చార్జీని బిల్లులో తప్పనిసరిగా కలుపరాదని వినియోగదారుల రక్షణ కొరకైన కేంద్ర సంస్థ 2022 జూలైలో ఆజ్ఞ చేయగా, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దానిని సమర్థించెను. కాబట్టి ఇచ్చుట ఇప్పుడు మన యిష్టము. చట్టము విడిచిపెట్టిన చోట మనస్సాక్షి పని ఆరంభమగును. సంతోషముగా ఆ సేవకుని చేతికే ఇయ్యుడి.

పళ్లెములో విడువకుడి. 2022లో లోకమంతట 105 కోట్ల టన్నుల ఆహారము వ్యర్థమైనదని ఐక్యరాజ్య సమితి పర్యావరణ సంస్థ 2024లో తెలిపెను. అందులో హోటళ్లు మొదలైన చోట్ల పోయినది నూటికి 28 పాళ్లు. ఇండ్లలో పోయినది 60 పాళ్లు. హోటలువైపు వ్రేలు చూపుటకు ముందు మన వంటయింటి చెత్తబుట్ట చూచుకొనవలెను. లూకా 14వ అధ్యాయములో ప్రభువు చెప్పిన మాట కూడ మరువకుడి: మరల మనలను పిలువగలవారిని మాత్రమే గాక, పిలువలేనివారిని పిలువుడి. ఒకసారి హోటలుకు వెళ్లిన కుటుంబము, ఒకసారి ఒక విధవరాలిని, దూరదేశమునుండి వచ్చి గదులలో ఒంటరిగా వండుకొను ఒక కార్మికుని తమ యింటికి పిలిచి భోజనము పెట్టవలెను.

మన మెదకు దేవాలయమును తలంచుకొనుడి. పాస్నెట్ దొరగారి కాలమున, కరువు దినములలో దాని కట్టడపు పని అనేకులకు అన్నము పెట్టినది. 1924 డిసెంబరు 25న అది ప్రతిష్ఠింపబడెను. ఆకలిగొన్నవారి అన్నముతో లేచిన దేవాలయము మనది. దానిలోని బల్లకు మెనూ కార్డు లేదు, బిల్లు లేదు.

గత సంస్కారపు ఆదివారమున ఆ పిల్లవాడు సెలవు దొరికి ఆరాధనకు వచ్చెను. ప్రభువు బల్లయొద్ద మోకరించి చేతులు చాపెను. మేము నిలిచియుంటిమి, అతడు అతిథి. రొట్టె అతని చేతిలో పెట్టునప్పుడు ఈ మారు అతనిని పేరు పెట్టి పిలిచితిమి.

మన ప్రార్థన: ప్రభువా, మా బల్లయొద్ద నిలిచియున్నవారిని చూచు కన్నులు మాకు దయచేయుము. ఆమేన్.