ఎర్రచందనం, పిగిలిపిట్ట

"ఎర్రచందనం చెట్టు గొప్పదా, పిగిలిపిట్ట గొప్పదా?" అని బడిలో పిల్లల్ని అడిగాం. చాలామంది చెట్టే అన్నారు. "దానికి బోలెడు డబ్బులొస్తాయి సార్!" పిట్ట అన్నవాళ్లు తక్కువ. రోజూ కంచె మీద కనిపించేదే కదా!

పిల్లల తప్పు లేదు. పెద్దల లోకమూ అలాగే తూకం వేస్తుంది.

ఎర్రచందనం శేషాచలం, పాలకొండ, వెలికొండ, నల్లమల వంటి తూర్పు కనుమల దక్షిణ కొండల్లోనే సహజంగా పెరుగుతుంది. చేవ పట్టడానికి దశాబ్దాలు కావాలి, నరకడానికి ఒక్క రాత్రి చాలు. అంతర్జాతీయ వ్యాపారం మీద 1995 నుంచి నియంత్రణ ఉన్నా, 2021లో ఐయూసీఎన్ దాన్ని ఆపదలో ఉన్న జాతుల్లో చేర్చింది. అదే పట్టికలో పిగిలిపిట్ట గురించి ఆందోళన అక్కర్లేదు. తల మీద నల్లని జుట్టు, తోక కింద ఎర్రని మచ్చ ఉన్న ఆ పిట్ట పండ్లు తిని గింజలు దూరంగా వేస్తుంది. అలా మొలిచిన చెట్లను ఎవరూ లెక్కపెట్టరు.

చెట్టును ఆపదలో పడేసింది దాని ధర. మరి ధర లేనిదానికి విలువ లేదా?

ఈ ప్రశ్న మాకు పిట్ట దగ్గర ఆగదు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో 20 మంది తమిళనాడు కూలీలు కాల్పుల్లో చనిపోయారు. వారిలో జవ్వాదు కొండల ఆదివాసులూ ఉన్నారు. దాడి చేస్తే కాల్చామని పోలీసులన్నారు. పట్టుకెళ్లి చంపారని హక్కుల సంఘాలన్నాయి. ఏది ఏమైనా, ఈ వ్యాపారంలో దుంగది లక్షల ధర, మోసే భుజానిది కూలి. కూలీలు ఎందరో ఉంటారు, ఒకరు పోతే మరొకరు వస్తారన్నదే దాని లెక్క. ఎక్కువమంది ఉండటమే చులకనైపోయింది.

తక్కువమంది ఉంటే గౌరవం దొరుకుతుందా? నల్లమల చెంచులను ప్రభుత్వం పీవీటీజీ పట్టికలో పెట్టింది. దానివల్ల వచ్చే పథకాలు వద్దనం. కానీ తక్కువమంది కాబట్టి కాపాడాలనడం వేరు, మనుషులు కాబట్టి గౌరవించాలనడం వేరు. రేపు సంఖ్య పెరిగితే ఆ అక్కర తీరిపోతుందా?

ఎర్రచందనానికి కాపలా కావాలి, కాదనం. అయితే కరువైతేనే విలువ అనే బుద్ధి పోనంత కాలం, మామూలుగా ఉన్న ప్రతిదీ కరువయ్యేదాకా ఎవరికీ పట్టదు.

ఇక పిల్లల్ని ఏది గొప్ప అని అడగం. రేపు పొద్దున కంచె మీద పిగిలిపిట్ట లేకపోతే మనకేం పోతుందో చెప్పమంటాం.